రీల్సా, షార్ట్సా? ఒక్కదాన్నే పట్టుకోవాలంటే దేన్ని పట్టుకోవాలి?

స్క్రూడ్రైవర్

అందరికీ నమస్కారం. ఇంట్లో పాడైన చిన్న చిన్న వస్తువుల్ని ఎవరికి వాళ్లే బాగుచేసుకోవడం ఎలాగో చూపించే వీడియోలు చేస్తున్నాను. కారే కుళాయి, వదులైన తలుపు బందు, ఊగే కుర్చీ కాలు, ఇలాంటివి. ఒక్కోటి నిమిషం లోపే ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లూ సెలవు రోజుల్లోనూ చేసే పని కాబట్టి అన్ని యాప్‌లలోనూ సమానంగా కష్టపడే తీరిక లేదు. ఒకదాన్ని ఎంచుకుని దాని మీదే మనసు పెట్టాలనుకుంటున్నాను. ఇన్‌స్టాగ్రామ్ రీల్సా, యూట్యూబ్ షార్ట్సా? వేరే దేశాల్లో ఉన్న తెలుగువాళ్ల కోసం టిక్‌టాక్ కూడా చూడమని ఒకరన్నారు.

డబ్బు వస్తే సంతోషమే, కానీ అది తర్వాతి సంగతి. ముందు ఆ వీడియో ఎవరికి పనికొస్తుందో వాళ్ల కంటపడాలి. ఈ పనిలో నలిగినవాళ్లు దయచేసి చెప్పండి.

రాత్రి_ఎడిటర్

స్క్రూడ్రైవర్ గారూ, మీ తరహా వీడియోలకి నా ఓటు షార్ట్స్‌కే. కుళాయి కారుతున్నప్పుడు తప్ప కుళాయి వీడియో ఎవరికీ అక్కర్లేదు. ఆ అవసరం ఇవాళ ఒకరికి వస్తుంది, ఆర్నెల్ల తర్వాత ఇంకొకరికి వస్తుంది. వచ్చినప్పుడు వాళ్లు ముందు చేసేది వెతకడం. "కుళాయి వాషర్ మార్చడం ఎలా" అని టైప్ చేసినవాళ్లకీ, మైకులో అడిగినవాళ్లకీ మీరు దొరకాలంటే యూట్యూబ్‌లో ఉండాలి. గూగుల్ ఫలితాల్లో కూడా షార్ట్స్ వస్తాయి.

షార్ట్‌కి వ్యూస్ ముఖ్యంగా రెండు దారుల్లో వస్తాయి. వేలితో తోసుకుంటూ పోయే ఫీడ్ ఒకటి, సెర్చ్ ఒకటి. అనలిటిక్స్‌లో (ఛానెల్ లెక్కలు చూపే పేజీ) ట్రాఫిక్ సోర్స్ తెరిస్తే రెండూ విడివిడిగా కనిపిస్తాయి. నేను ఎడిట్ చేసే ఛానెళ్లలో చూసింది ఇదే: 'ఎలా చేయాలి' అని చెప్పే వీడియోలకి ఫీడ్ వ్యూస్ కొన్నాళ్లకి ఆగిపోతాయి, సెర్చ్ వ్యూస్ మాత్రం సన్నగా వస్తూనే ఉంటాయి. డాన్సు, కామెడీ వీడియోలకి ఆ రెండో దారి దాదాపు ఉండదు.

అందుకే ఏ యాప్ పెద్దది అనే లెక్క పక్కన పెట్టండి. నా వీడియో చూశాక ఆ మనిషి ఏం చేయాలి? స్పానర్ పట్టుకుని పని మొదలుపెట్టాలా, ఎవరికైనా పంపాలా, నన్ను గుర్తుపెట్టుకుని మళ్లీ రావాలా? దీనికి మీ జవాబు ఏమిటో దాన్నిబట్టి యాప్ తేలుతుంది.

నాట్యపథం

ఎడిటర్ గారి మాట సగం వరకు ఒప్పుకుంటాను. రిపేరు వీడియో ఎవరూ ఎవరికీ పంపరని అనుకోవడం దగ్గరే నాకు తేడా. "మన బాత్రూం కుళాయి కూడా ఇలాగే కదా, ఆదివారం చూడు" అని ఇంట్లోవాళ్లకి పంపేది సరిగ్గా ఇలాంటి వీడియోలనే. నేను క్లాసికల్ డాన్సు అడుగులు నేర్పించే రీల్స్ చేస్తాను. మొత్తం నాట్యం పెట్టినదానికన్నా, ఒక్క అడుగులో జరిగే పొరపాటు చూపించినదాన్నే జనం ఎక్కువగా పంపుకుంటారు.

ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసేరి 2025 జనవరిలో ఈ సంగతి బాహాటంగానే చెప్పాడు. ర్యాంకింగ్‌లో, అంటే ఏ వీడియో ఎవరికి చూపించాలో యాప్ తేల్చేటప్పుడు, ముఖ్యమైనవి మూడు: ఎంతసేపు చూశారు, చూసినవాళ్లలో ఎందరు లైక్ కొట్టారు, ఎందరు ఇంకొకరికి పంపారు. ఇప్పటికే ఫాలో అవుతున్నవాళ్ల దగ్గర లైక్‌కి బలం కాస్త ఎక్కువ, మనల్ని ఎరగనివాళ్ల దగ్గరికి వెళ్లాలంటే పంపడానికి బలం ఎక్కువ. ఇది తెలిశాక నేను లైకుల అంకె చూడటం తగ్గించి, ఎంతమందికి చేరితే ఎంతమంది పంపారన్నదే చూసుకుంటున్నాను.

ఇంకొకటి. రీల్స్ సెర్చ్‌లో దొరకవన్నది పాత మాట. 2025 జూలై నుంచి ప్రొఫెషనల్ ఖాతాల (బిజినెస్, క్రియేటర్ ఖాతాలు) పబ్లిక్ పోస్టులు గూగుల్‌లో కూడా కనిపించేలా మార్చారు. యూట్యూబ్‌తో సమానమైపోయిందని అనను, కానీ తలుపు తెరుచుకుంది.

రాత్రి_ఎడిటర్

నాట్యపథం గారూ, పంపడం గురించి మీరన్నది నిజమే, ఆ కోణం నేను వదిలేశాను. ఆయన వీడియోలకి రెండు గుణాలూ ఉన్నాయి. అయినా తీరిక తక్కువ ఉన్న మనిషికి రోజూ కొత్తది అడగని చోటు మేలని నా నమ్మకం. పాత వీడియో పనిచేస్తూ ఉంటే ఒక వారం పెట్టకపోయినా మునిగిపోయేదేమీ ఉండదు.

గణితం_మేడం

డబ్బు రెండో సంగతి అన్నారు కాబట్టి దాన్ని కూడా తేల్చేద్దాం. నేను లెక్కలు చెప్పే షార్ట్స్ చేస్తాను, ఈ నిబంధనలన్నీ చదవక తప్పలేదు.

యూట్యూబ్ క్రియేటర్లకి డబ్బిచ్చే పథకం పేరు పార్ట్‌నర్ ప్రోగ్రాం. అందులో యాడ్స్ వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్. దానికి కింద ఇంకో మెట్టు ఉంది: 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో 3 పబ్లిక్ అప్‌లోడ్లు, 3,000 గంటలు లేదా 30 లక్షల షార్ట్స్ వ్యూస్. ఈ మెట్టు మీద మెంబర్‌షిప్‌లు, సూపర్ థాంక్స్ లాంటివి (చూసేవాళ్లు నేరుగా ఇచ్చే డబ్బు) వస్తాయి, యాడ్స్ వాటా రాదు. అందరూ తడబడేది ఒక్కచోట: షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లోకి రాదు. షార్ట్స్ మాత్రమే చేసే ఛానెల్‌కి ఉన్న దారి కోటి వ్యూస్ ఒక్కటే. స్క్రూడ్రైవర్ గారు నెలకి ఒకటి రెండు పెద్ద వీడియోలు కూడా పెట్టగలిగితే గంటల దారి చాలా దగ్గరవుతుంది.

2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడటం మొదలైతే చాలు, ఒక వ్యూ కింద లెక్కపెడుతున్నారు. కొంతసేపు చూస్తేనే వ్యూ అనే పాత పద్ధతి లెక్క 'ఎంగేజ్డ్ వ్యూస్' అనే పేరుతో అనలిటిక్స్‌లో ఉంది. అర్హతకీ ఆదాయానికీ చూసేది దాన్నే. పైన కనిపించే పెద్ద అంకె చూసి సంబరపడితే నెలాఖరున బెంగ తప్పదు.

కొత్తచిగురు

మేడం గారూ, పాట పెడితే మన వాటా తగ్గుతుందా? ఎక్కడో అలా చదివాను.

గణితం_మేడం

తగ్గదు చిగురు గారూ. షార్ట్స్ మధ్యలో వచ్చే యాడ్స్ డబ్బంతా నెలకోసారి ఒకచోట చేరుస్తారు. ఒక పాట వాడిన షార్ట్ తాలూకు సొమ్ములో సగం, రెండు పాటలు వాడితే మూడింట రెండు వంతులు పాటల హక్కుదారులకి ముందే తీసేస్తారు. మిగిలింది క్రియేటర్ల మూటలోకి వస్తుంది. ఆ మూటలో మీ వ్యూస్ ఎంత శాతమో అంత మీ పేరున కేటాయించి, అందులో 45 శాతం మీకిస్తారు. మీరు పాట వాడారా లేదా అన్నదాన్నిబట్టి ఆ 45 మారదు. ఈ పద్ధతి 2023 ఫిబ్రవరి 1 నుంచి నడుస్తోంది.

వీధిదీపం

ఇంత చర్చ ఎందుకండీ? ఫైలు ఒకటే కదా. ఒకసారి తీసి మూడు చోట్లా పడేస్తే సరి. ఎక్కడ తగిలితే అక్కడ.

రాత్రి_ఎడిటర్

వీధిదీపం గారూ, అందరూ అక్కడే మొదలుపెడతారు. మూడు చోట్లా పెట్టడం తప్పని నేను అనను. ఒకే ఫైలు సరిపోతుందనుకోవడం దగ్గరే పని చెడుతుంది. 9:16 నిలువు ఫ్రేము, 1080 బై 1920 పిక్సెల్స్ అన్ని చోట్లా చెల్లుతుంది, అంతవరకు నిజం. ఆ పైన దేని గొడవ దానిదే.

మొదట వాటర్‌మార్క్. ఒక యాప్‌లో ఎడిట్ చేసి, దాని లోగోతో డౌన్‌లోడ్ చేసి ఇంకో యాప్‌లో పెడతారు. వేరే యాప్ లోగో కనిపించే రీల్స్‌ని కొత్తవాళ్లకి తక్కువగా చూపిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2021లోనే చెప్పింది. లోగో లేని, పాట కలపని శుభ్రమైన మాస్టర్ ఫైలు ముందు మీ హార్డ్ డిస్కులో ఉండాలి. అప్‌లోడ్ తర్వాతి మాట.

తర్వాత అక్షరాలు. స్క్రూడ్రైవర్ గారి కుళాయి వీడియో నా ఫోన్లో రెండు యాప్‌లలోనూ చూశాను. "ముందు మెయిన్ వాల్వ్ కట్టేయండి" అన్న పసుపు అక్షరాలు ఫ్రేము అడుగున ఉన్నాయి. సరిగ్గా దాని మీదే ఖాతా పేరు, క్యాప్షన్, పాట పేరు వచ్చి కూర్చున్నాయి. కుడి పక్కన లైక్, కామెంట్, షేర్ గుర్తులు స్పానర్ తిప్పే చేతిని సగం కప్పేశాయి. వాల్వ్ కట్టకుండా కుళాయి విప్పితే ఇల్లంతా నీళ్లే, అంత ముఖ్యమైన మాట ఎవరికీ కనపడలేదు. అక్షరాలు ఎప్పుడూ మధ్య భాగంలో, కాస్త ఎడమకి ఉంచండి. చేసే పని కూడా ఫ్రేము మధ్యలోనే జరగాలి.

మూడోది నిడివి. షార్ట్స్ 2024 అక్టోబరు 15 నుంచి 3 నిమిషాల దాకా, రీల్స్ 2025 జనవరి నుంచి 3 నిమిషాల దాకా పెరిగాయి. పెంచారు కదా అని సాగదీయకండి. మీ పని 40 సెకన్లలో అయిపోతే 40 సెకన్లే.

సౌండ్‌బాక్స్

పాటల సంగతి నేను చెప్తాను, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. నిమిషం దాటిన షార్ట్‌లో కంటెంట్ ఐడీ (హక్కులున్న పాటల్ని యూట్యూబ్ దానంతటదే పట్టుకునే ఏర్పాటు) క్లెయిమ్ ఉన్న పాట పడితే ఆ షార్ట్‌ని బ్లాక్ చేసేస్తారు. 3 నిమిషాలకి పెంచినప్పుడు వచ్చిన నిబంధన ఇది. ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ ఖాతా తీసుకుంటే సినిమా పాటల్లాంటి లైసెన్స్ పాటలు చాలావరకు దొరకవు, క్రియేటర్ ఖాతాకి ఆ ఇబ్బంది తక్కువ. ఒక యాప్‌లో పాట వాడుకునే అనుమతి ఆ యాప్ వరకే. అదే వీడియో తీసుకెళ్లి ఇంకోచోట పెడితే ఆ అనుమతి వెంట రాదు.

రిపేరు వీడియోలకి పాట అసలు ఎందుకు? స్క్రూ బిగుసుకునే చప్పుడు, నీటి చుక్క పడే చప్పుడు, ఆఖరికి చుక్క ఆగిపోయిన నిశ్శబ్దం. ఇంతకన్నా మంచి సౌండ్ ట్రాక్ ఏముంటుంది! మైకు కుళాయికి దగ్గరగా పెట్టి రికార్డ్ చేయండి. మూడు యాప్‌లలోనూ ఏ హక్కుల గొడవా ఉండదు.

స్క్రూడ్రైవర్

అక్షరాల మాట నూటికి నూరుపాళ్లు నిజం, ఇప్పుడే చూసుకున్నాను. ఎడిటర్ గారూ, ధన్యవాదాలు. ఇంకో సందేహం. అదే వీడియోకి యూట్యూబ్‌లో రిటెన్షన్ గ్రాఫ్ (ఏ సెకనులో ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే గీత) ఇలా ఉంది: మొదటి సెకను బాగానే ఉండి, మూడో సెకనుకి నిట్టనిలువుగా పడిపోతోంది. తర్వాత చివరి దాకా దాదాపు సమంగానే పోతోంది. కుళాయి విప్పి పాత వాషర్ బయటికి తీసే చోట గీత చిన్నగా పైకి లేస్తోంది కూడా. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

రాత్రి_ఎడిటర్

ఆ మూడు సెకన్లలో ఏముందో చూశాను. కుళాయి కనిపిస్తుంది, వెంటనే మీ ముఖం వచ్చి నమస్కారం చెప్పి, ఛానెల్ పేరు చెప్తుంది. జనం పోయేది అక్కడే. మీ మీద అయిష్టంతో కాదు, తమ కుళాయి సంగతి ఇందులో ఉందో లేదో అప్పటికి వాళ్లకి తెలియదు కనుక. ఆ తర్వాత గీత సమంగా ఉందంటే ఉండిపోయినవాళ్లకి మీ పని నచ్చింది. గీత పైకి లేచిన చోట వెనక్కి జరిపి మళ్లీ చూస్తున్నారు. అరిగి, ఒకపక్క నొక్కుకుపోయిన ఆ నల్ల రబ్బరు ముక్కే ఈ వీడియోలో అసలైన బొమ్మ. దాన్ని మొదటి సెకనులోకి తీసుకురండి. రెండు వేళ్ల మధ్య పట్టుకుని, లెన్స్‌కి దగ్గరగా, "మీ కుళాయి కారడానికి కారణం ఇదే" అనండి. నమస్కారం పెద్ద వీడియోలో చెప్పుకోవచ్చు.

ఇన్‌స్టాగ్రామ్‌లో 'ట్రయల్ రీల్స్' అని ఒకటుంది, 2024 డిసెంబరులో వచ్చింది. ముందు ఫాలోవర్లకి కాకుండా బయటివాళ్లకే చూపిస్తుంది. మీ ఖాతాకి ఆ సౌకర్యం ఉంటే పాత ఆరంభం, కొత్త ఆరంభం రెండూ అక్కడ పరీక్షించి, నెగ్గినదాన్ని షార్ట్‌గా పెట్టండి. ఒకసారి పెట్టాక దాని స్థానంలో ఇంకో వీడియోని పెట్టే వీలు యూట్యూబ్‌లోనూ లేదు, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ లేదు. టైటిల్, క్యాప్షన్ లాంటివి దిద్దుకోగలం.

పాతకాపు

అందరూ రీల్స్, షార్ట్స్ అంటున్నారు. ఏ యాప్ శాశ్వతం కాదన్న సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. ఆరు సెకన్ల వీడియోల యాప్ వైన్ 2013 జనవరిలో మొదలైంది, 2016 అక్టోబరులో మూసేస్తున్నామన్నారు. అక్కడ పేరు తెచ్చుకున్నవాళ్లలో నిలబడింది, అప్పటికే యూట్యూబ్‌లోనో ఇంకోచోటో కాలు పెట్టి ఉన్నవాళ్లు. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం 59 యాప్‌లని నిషేధించింది, టిక్‌టాక్ అందులో ఒకటి. రాత్రికి రాత్రే లక్షల మంది ఫాలోవర్లు అందకుండా పోయారు. రీల్స్ మన దేశంలో జూలైలో, షార్ట్స్ సెప్టెంబరులో వచ్చాయి, కానీ ఆ ఫాలోవర్లు ఎవరి వెంటా నడిచి రాలేదు. మళ్లీ ఒకటి నుంచి మొదలు. 2025 జనవరిలో అమెరికాలో కూడా టిక్‌టాక్ కొన్ని గంటలు ఆగిపోయింది.

నా సంగతి చెప్తాను, యాప్ పేరు వద్దు. ఒకచోట నా ఖాతా కారణం చెప్పకుండా మూతపడింది. అప్పీలు పెట్టుకున్నా జవాబు రాలేదు. వీడియోల ఒరిజినల్స్ నా దగ్గర ఉన్నాయి కాబట్టి నిలబడ్డాను. పోయింది కామెంట్లు. ఏళ్ల తరబడి జనం అడిగిన ప్రశ్నలు, వాటికి నేను రాసిన జవాబులు. వాటికి బ్యాకప్ లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కాబట్టి స్క్రూడ్రైవర్ గారూ, ఏ యాప్ ఎంచుకున్నా మూడు పనులు చేయండి. ఒరిజినల్ ఫైళ్లు రెండు చోట్ల దాచండి. ఖాతా పేరు అన్ని యాప్‌లలోనూ ఇప్పుడే, ఒకేలా తీసి పెట్టుకోండి, అక్కడ ఏమీ పెట్టకపోయినా సరే. గూగుల్ టేకౌట్‌తో (మన డేటా దించుకోవడానికి గూగుల్ ఇచ్చే సౌకర్యం) యూట్యూబ్ డేటా, ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లోంచి అక్కడి డేటా అప్పుడప్పుడూ దించుకోండి.

వీధిదీపం

పాతకాపు గారూ, మీరు చెప్పాక ఇప్పుడే డేటా డౌన్‌లోడ్‌కి రిక్వెస్ట్ పెట్టాను. ఒకే ఫైలు అన్న నా మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

దూరతీరం

టిక్‌టాక్ గురించి అడిగారు కదా. నేను అది నడిచే దేశంలోనే ఉంటాను. అక్కడ క్రియేటర్ రివార్డ్స్ ప్రోగ్రాంలో చేరాలంటే 10,000 మంది ఫాలోవర్లు, గత 30 రోజుల్లో లక్ష వ్యూస్ ఉండాలి. డబ్బు నిమిషం దాటిన వీడియోలకే. పైగా ఆ ప్రోగ్రాం కొన్ని దేశాల్లో ఉన్నవాళ్లకే ఉంది. మీరు ఉండే చోట యాప్ తెరుచుకోకపోతే ఎవరి చేతో నడిపించాలి, కామెంట్లకి జవాబు మీరు ఇవ్వలేరు. మీ ప్రశ్నకి నా సమాధానం ఒక్క ముక్కలో చెప్పాలంటే, వద్దు. ఇక్కడి తెలుగువాళ్లం కూడా ఇంటి పనికి వీడియో కావాలంటే తెలుగులో యూట్యూబ్‌లోనే వెతుకుతాం.

నాట్యపథం

బ్రాండ్ల మాట ఎవరూ అనలేదు. యూట్యూబ్‌లోలాగా యాడ్స్‌లో వాటా అందరికీ నికరంగా పంచే పద్ధతి రీల్స్‌లో లేదు, అప్పుడప్పుడూ బోనస్‌లు వచ్చి పోతుంటాయి. అక్కడ సంపాదన ఎక్కువగా పనిముట్లు, వస్తువులు అమ్మే కంపెనీలతో నేరుగా మాట్లాడుకుని వచ్చేదే. అలా వచ్చినప్పుడు 'పెయిడ్ పార్ట్‌నర్‌షిప్' లేబుల్ తప్పకుండా పెట్టండి. యూట్యూబ్‌లో కూడా దానికి టిక్ పెట్టే గడి ఉంది. ఫలానా టేపు మంచిదని మీరు చెప్తే జనం నమ్మి కొంటారు. డబ్బు తీసుకుని చెప్పానన్న విషయం వాళ్లకి తెలియాలి.

స్క్రూడ్రైవర్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు రోజులుగా ఇవన్నీ మళ్లీ మళ్లీ చదివాను. నా నిర్ణయం ఇది. ఇల్లు యూట్యూబ్. షార్ట్స్‌తోపాటు నెలకి ఒక పెద్ద వీడియో, మేడం గారు చెప్పిన గంటల దారిలో. ఆరంభం ఎలా ఉందో పరీక్షించడానికీ, ఇంట్లోవాళ్లకి పంపుకునే తరహా వీడియోలకీ రీల్స్. టిక్‌టాక్ వదిలేస్తున్నాను. కుళాయి వీడియో మళ్లీ తీస్తాను, పాట లేకుండా, వాషర్‌తో మొదలుపెట్టి.

ఒక్కటి మిగిలింది. షార్ట్ చూసినవాళ్లని పెద్ద వీడియోకి ఎలా పంపాలి? డిస్క్రిప్షన్‌లో లింకు పెడితే నొక్కితే తెరుచుకోవడం లేదు.

గణితం_మేడం

2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ డిస్క్రిప్షన్‌లోనూ కామెంట్లలోనూ లింకులు పనిచేయవండీ, స్పామ్ ఆపడానికి తీసేశారు. దానికి బదులు యూట్యూబ్ స్టూడియోలో (మన ఛానెల్‌ని నడుపుకునే చోటు) ఆ షార్ట్ తెరిస్తే 'రిలేటెడ్ వీడియో' అని ఒక గడి ఉంటుంది. అక్కడ మీ పెద్ద వీడియో ఎంచుకోండి, షార్ట్ మీదే చిన్న లింకుగా కనిపిస్తుంది. ఆ సౌకర్యం కనపడకపోతే అడ్వాన్స్‌డ్ ఫీచర్ల కోసం ఖాతా వెరిఫై చేయాల్సి ఉంటుంది.

రాత్రి_ఎడిటర్

ఆ పెద్ద వీడియో వాషర్ సైజుల మీదే చేయండి. మీ పాత షార్ట్ కింద కామెంట్లు చదివాను, సగం మంది అడిగింది అదే: "నా కుళాయికి ఏ సైజు?" రకరకాల కుళాయిలు బల్ల మీద వరసగా పెట్టి, ఒక్కోటి విప్పి, లోపలి వాషర్‌ని స్కేలు పక్కన పెట్టి చూపించండి. టైటిల్‌లో వాళ్లు అడిగిన మాటలే ఉంచండి.